టైటిల్ కాదు, చేతిలో ఏముందో చెప్పండి

తిరుపతిలో భక్తుల తర్వాత ఎక్కువగా కనిపించేది పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లేనేమో. 1954లో మొదలైన ఎస్వీ యూనివర్సిటీ ఉంది. 1983 నాటి పద్మావతీ మహిళా యూనివర్సిటీ ఉంది. 1961లో విద్యాపీఠంగా పుట్టి 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన సంస్కృత యూనివర్సిటీ, వేద విశ్వవిద్యాలయం, వెటర్నరీ యూనివర్సిటీ, స్విమ్స్ వైద్య సంస్థ ఉన్నాయి. 2015లో ఒకే ఏడాది వచ్చిన ఐఐటీ, ఐసర్ ఏర్పేడు పక్కన చేరాయి. చిత్తూరు రోడ్డు పట్టుకుంటే గాదంకిలో వాతావరణ పరిశోధన కేంద్రం. ఇంకా కిందికి పోతే కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం. ఇన్ని చోట్ల ఇంతమంది పగలూ రాత్రీ పని చేస్తుంటారు. ఒకరు చేసేదేమిటో ఇంకొకరికి తెలియదు. ఒకే ఆర్టీసీ బస్సులో పక్కపక్కన కూర్చుని, ఎవరి ఫోన్ వాళ్లు చూసుకుంటూ దిగిపోతారు.

పక్క సీటువాళ్లకు చెప్పకపోతే పోనివ్వండి. పెళ్లిళ్లలో తప్పదుగా. పంక్తిలో పెద్దమ్మ పట్టుకుంటుంది.

"ఏం పాపా, ఇంకా సదువుతానే వుండావా?"

"పీహెచ్‌డీ పెద్దమ్మా."

"అంటే డాక్టరే గదా? మా మోకాలి నొప్పికి ఏదన్నా మాత్ర చెప్పు మరి."

నవ్వుకుంటాం. ఆ నవ్వు వెనక చిన్న అవమానం ఉంటుంది. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి చాలామంది చేసే పని, టైటిల్ అప్పజెప్పడం. పదహారు మాటల టైటిల్, మధ్యలో కోలన్, చివర 'ఒక అధ్యయనం'. పెద్దమ్మ బుద్ధిగా తలూపి సాంబారు వైపు తిరుగుతుంది. మీరేమో 'వీళ్లకేం అర్థమవుతుందిలే' అనుకుంటారు. అక్కడే పప్పులో కాలేసినట్టు. పెద్దమ్మకు అర్థం కాకపోవడం తర్వాతి సంగతి. మీరు అసలేమీ చెప్పలేదు.

టైటిల్ రిజిస్ట్రేషన్ ఫారం కోసం పుట్టింది. మనిషికి చెప్పాల్సింది వేరే ఉంది: మీ చేతిలో ఏముంది? అది ఎంతవరకు చెబుతుంది, ఎక్కడ నోరు మూసుకుంటుంది? ఈ రెండూ చెప్పగలిగితే పెళ్లిపంక్తిలోనే కాదు, ఆరునెలలకోసారి కూర్చునే రీసెర్చ్ అడ్వయిజరీ కమిటీ ముందూ కాళ్లు వణకవు.

తెలిసిన విషయాన్ని కుదించి చెప్పడం అందరికీ కష్టమే. అందుకే దాన్నొక పోటీగా పెట్టిన పెద్దాయన ఒకరున్నారు. 2008లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ మొదలుపెట్టిన 'త్రీ మినిట్ థీసిస్' గురించి వినే ఉంటారు. ఒక్క స్లయిడు, మూడు నిమిషాలు. మొత్తం థీసిస్‌ను కథగా చెప్పెయ్యాలి. 80 వేల మాటల థీసిస్‌ను పైకి చదివితే తొమ్మిది గంటలు పడుతుందని వాళ్ల లెక్క. ఈ ఆలోచన ఎక్కడ పుట్టిందనుకున్నారు? కరువులో. అప్పట్లో ఆ రాష్ట్రంలో నీళ్లకు కటకట. స్నానం తొందరగా ముగించండని జనం బాత్రూమ్ గోడలకు మూడు నిమిషాల ఇసుక గడియారాలు తగిలించుకున్నారు. గ్రాడ్యుయేట్ స్కూల్ డీన్ అలన్ లాసన్‌కు ఆ గడియారాన్ని చూసి ఇది తట్టిందట. వారానికొకసారి ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టిన మన రాయలసీమవాళ్లకు ఎందుకు తట్టలేదా అని నాకు కొంచెం కుళ్లు.

సరే, చేతిలో ఏముందో చెప్పడమంటే ఎలా? గాదంకితోనే మొదలుపెడదాం.

ఇది 1992లో ఎంఎస్టీ రాడార్ కేంద్రంగా మొదలైంది. రోడ్డు మీద పోయేవాళ్లకు కనిపించేది ఒక బోర్డు. లోపల సుమారు నాలుగెకరాల చదరంలో 32 వరసలు, వరసకు 32 చొప్పున 1,024 యాగీ ఏంటెనాలు. దూరదర్శన్ రోజుల్లో మన మిద్దెల మీద కాకులు వాలిన ఏంటెనాలదీ ఈ జాతే. అన్నీ కలిసి 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాన్ని ఆకాశంలోకి వదులుతాయి. పైన గాలి ఎక్కడా ఒక్క తీరుగా ఉండదు. వేడి, తేమ చిన్నచిన్నగా మారుతుంటాయి. ఆ మార్పులకు తగిలి తరంగంలో అతి కొద్ది భాగం తిరిగి కిందికొస్తుంది. 15 కిలోమీటర్ల ఎత్తుకు పోయి తిరిగి రావడానికి పట్టేది సెకనులో పదివేలో వంతు. వచ్చిన ప్రతిధ్వని ఫ్రీక్వెన్సీ ఎంత జరిగిందో చూస్తే పైన గాలి ఎటు, ఎంత వేగంగా పోతోందో తెలుస్తుంది.

ఇప్పుడు అదే పెళ్లి, అదే పెద్దమ్మ. టైటిల్ ఎత్తకుండా చెప్పి చూడండి.

"గాదంకి కాడ నాలుగెకరాల్లో ఏంటెనాలు పాతినారు పెద్దమ్మా. వాటితో పైకి సిగ్నల్ పంపిస్తే గాలికి తగిలి రవ్వంత వెనక్కొస్తాది. దాన్ని బట్టి, ఇమానం పోయే దానికన్నా పైన గాలి ఎటు కొడతా వుందో కనుక్కుంటాం. ఉరుముల మబ్బు ఎంత పైకి ఎక్కతాదో నేను చూస్తా వుండా."

"అయితే మా చేన్లో వాన ఎప్పుడు పడతాదో చెప్తావా?"

"అది చెప్పలేను పెద్దమ్మా. మా రాడార్ చూసేది గాదంకి నెత్తిన వుండే ఆకాశాన్నే."

ఈ ఆఖరి జవాబు చూడండి. ఓటమిలా కనిపిస్తుంది గానీ మొత్తం సంభాషణలో బరువున్న మాట అదే. తన పరికరం హద్దు తెలిసినవాళ్లే ఆ మాట అనగలరు. సెమినార్‌లో ఎవరైనా ప్రొఫెసర్ ఇదే ప్రశ్నను ఇంకాస్త ఇంగ్లిష్ కలిపి అడుగుతారు, అంతే తేడా. పెద్దమ్మకు చెప్పడం వచ్చినవాళ్లకు ఆయనకు చెప్పడమూ వస్తుంది.

సైన్స్‌వాళ్లకు ఒక సౌకర్యం ఉంది. చేతిలో ఏదో ఒక యంత్రం, సీసా, గ్రాఫ్ ఉంటుంది. ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ చేసేవాళ్ల దగ్గరికి వస్తే ఇబ్బంది మొదలవుతుంది. మొహమాటం లేకుండా చెబుతాను. 'ఫలానా విషయం పట్ల ఉపాధ్యాయుల దృక్పథం' అనే తరహా థీసిస్‌లలో చాలావాటికి చేతిలో ఉన్నది ఒక ప్రశ్నావళి. పూర్తిగా అంగీకరిస్తాను, అంగీకరిస్తాను, చెప్పలేను, అంగీకరించను, అస్సలు అంగీకరించను. దాన్ని స్టాఫ్‌రూంలో పంచుతారు. భోజనాల గంటలో ఒక సారు పెరుగన్నం కలుపుకుంటూ ఎడమచేత్తో టిక్కులు పెట్టేస్తాడు. వాటికి టీ-టెస్టు చేసి పట్టికలు కడతారు. లెక్క తప్పు కాకపోవచ్చు. కానీ మీ చేతిలో ఉన్నది 'దృక్పథం' కాదు, భోజనాల గంటలో పెట్టిన టిక్కు. అది ఒప్పుకున్న రోజు మీ పరిశోధన బాగుపడటం మొదలవుతుంది.

మరి ఎడ్యుకేషన్‌లో చేతికి అందేది ఏముంటుంది? మదనపల్లె దగ్గర రిషివ్యాలీ చూడండి. జిడ్డు కృష్ణమూర్తి స్కూలు అందరికీ తెలుసు. 1980ల నుంచి చుట్టుపక్కల పల్లెబళ్లలో పద్మనాభరావు, రమ దంపతులు చేసిన పని బయట తెలిసినంతగా మన వైపు తెలియదు. ఒకే గది, ఒకే పంతులు, అయిదు తరగతుల పిల్లలు కలిసి కూర్చునే బడి వాళ్ల సమస్య. పాఠ్యపుస్తకాన్ని ముక్కలు చేసి వందలాది కార్డులుగా మార్చారు. ప్రతి కార్డు మీదా ఒక బొమ్మ గుర్తు. గోడ మీద నిచ్చెనలాంటి పట్టిక. పిల్ల తను ఏ మెట్టు మీద ఉందో తనే చూసుకుని, తన కార్డు తనే తీసుకుని, తను చేరాల్సిన గుంపులో కూర్చుంటుంది. ఒక గుంపుకు పంతులు దగ్గరుండి చెబుతాడు, ఇంకో గుంపులో పిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటారు. జ్వరమొచ్చి వారం మానేసిన పిల్ల ఆపిన మెట్టు నుంచే మళ్లీ ఎక్కుతుంది. ఇది చూసి వెళ్లిన టీచర్లే 1990ల్లో కర్ణాటకలో 'నలి కలి' మొదలుపెట్టారు. తర్వాత తమిళనాడులో కృత్యాధార బోధనకూ ఇదే దారి చూపింది.

అక్కడ పరిశోధన చేయాలంటే దృక్పథం అడగాల్సిన పని లేదు. ఒక పిల్ల ఒక మెట్టు దగ్గర ఎన్ని రోజులు ఆగిపోయింది, ఏ కార్డు అంచులు ఎక్కువ నలిగాయి, ఏది కొత్తగా మిగిలిపోయింది అన్నవి కళ్ల ముందే ఉంటాయి. నలిగిన కార్డు కూడా డేటానే. అయితే పిల్ల ఎందుకు ఆగిపోయిందో కార్డు చెప్పదు. ఇంట్లో మేకలు మేపే పని పడిందేమో. అక్కడ కార్డు నోరు మూస్తుంది, మీరు ఇంటికెళ్లి అడగాలి.

ఇక మూడోది, అందరూ నవ్వేది. ప్రాచీన గ్రీకుల మతం మీద పరిశోధన. "తిరుపతిలో కూర్చుని గ్రీకు దేవుళ్లేమిటి నాయనా, ఇక్కడ దేవుడు తక్కువయ్యాడా?" అంటారు. నన్నడిగితే ఇంతకన్నా మంచి చోటు లేదు. ఏథెన్స్‌లో జ్యూస్ గుడి ఇవాళ స్తంభాల వరస. మొక్కు, ముడుపు, ప్రమాణం, ప్రసాదం, జాతర బతికున్న ఊళ్లో పెరిగినవాళ్లకు ఆ స్తంభాల మధ్య ఏం జరిగుంటుందో అడగడానికి ప్రశ్నలు దొరుకుతాయి. ప్రశ్నలే, జాగ్రత్త. జవాబులు అక్కడివే కావాలి.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. చిత్తూరు జిల్లావాళ్లకు కాణిపాకం అంటే ప్రమాణం. దొంగతనం అంటగట్టారా, అప్పు తీర్చలేదన్నారా, "కాణిపాకంలో ప్రమాణం చేద్దువు రా" అంటారు. కోనేట్లో మునిగి తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ముందు నిలబడాలి. రాజకీయ నాయకులు కూడా ఈ సవాలు విసురుకుంటుంటారు. ఇప్పుడు గ్రీసుకు పదండి. ఒలింపియా సభాభవనంలో ప్రమాణాల జ్యూస్ విగ్రహం, రెండు చేతుల్లోనూ పిడుగులు. క్రీ.శ. రెండో శతాబ్దంలో ఆ దేశమంతా తిరిగి పది పుస్తకాల యాత్రావర్ణన రాసిన పౌసానియస్ దీన్ని చూశాడు. పోటీలకు ముందు ఆటగాళ్లు, వాళ్ల తండ్రులు, అన్నదమ్ములు, శిక్షకులు పంది మాంసపు ముక్కల మీద ప్రమాణం చేసేవాళ్లని, పోటీలకు ద్రోహం చేయబోమని మాటిచ్చేవాళ్లని రాశాడు.

ఇంతవరకు చదివిన స్కాలర్‌కు ఒళ్లు పులకరిస్తుంది. రెండు కాలమ్‌ల పట్టిక వేసేస్తారు. అక్కడా ప్రమాణం, ఇక్కడా ప్రమాణం, చూశారా మానవ సంస్కృతి ఒక్కటే! ఇదొక ఉచ్చు. పోలిక దొరికిందని సంబరపడితే వ్యాసం అవుతుంది, థీసిస్ కాదు. పోలిక ఎక్కడ తెగుతుందో వెతకాలి.

కాస్త తెలివైనవాళ్లు అక్కడిదాకా వస్తారు. కాణిపాకంలో ప్రమాణం జరిగిపోయినదాని గురించి, 'నేను తీయలేదు' అని. ఒలింపియాలో జరగబోయేదాని గురించి, 'నేను మోసం చేయను' అని. భలే తేడా పట్టాను అనుకుంటారు. ఒక్క వాక్యం ముందుకు చదవండి. ఆటగాళ్లు ఇంకోటి కూడా ప్రమాణం చేయాలట: గడిచిన పది నెలలూ నియమంగా సాధన చేశామని. అది జరిగిపోయినదాని గురించే కదా! అందమైన సిద్ధాంతం ఒక్క వాక్యంతో కుప్పకూలింది. ఇలా కూలిన చోటే అసలు ప్రశ్న లేస్తుంది. కాణిపాకంలో అనుమానం పడ్డ ఒక్కరే నిలబడతారు. ఒలింపియాలో అనుమానంతో పని లేకుండా అందరూ నిలబడాలి, ఇంటివాళ్లతో సహా. ఎందుకని? దేవుడి భయం ఒక్కటే సరిపోలేదని కూడా ఆధారం ఉంది. స్టేడియానికి పోయే దారిలో జ్యూస్ కంచు విగ్రహాల వరస ఉండేది. లంచాలిచ్చి గెలవాలని చూసినవాళ్ల దగ్గర వసూలు చేసిన జరిమానాతో పోయించినవి. మొదటివి క్రీ.పూ. 388లో ఒక బాక్సర్ ప్రత్యర్థులకు డబ్బులిచ్చి దొరికిపోయినప్పటివి. పిడుగులు పట్టుకున్న దేవుడి ముందు మాటిచ్చాక జరిగిన సంగతి ఇది.

పౌసానియస్‌లో నాకు బాగా నచ్చేది ఇంకోటి. ప్రమాణం అయ్యాక ఆ పందిని ఏం చేస్తారో అడగడం తనకు గుర్తులేకపోయిందని ఆయనే రాసుకున్నాడు. పద్దెనిమిది వందల ఏళ్లయినా ఆ మాట చెక్కుచెదరలేదు. మీ థీసిస్‌లో 'పరిమితులు' అనే విభాగం రాసేటప్పుడు 'సమయాభావం వల్ల' అనే అరిగిపోయిన మాట పక్కనపెట్టి, ఈయనలా రాయండి. ఏది అడగలేదో పేరు పెట్టి చెప్పండి.

ఆధారం ఎక్కడ మౌనంగా ఉంటుందో చెప్పడానికి గుళ్లను మించిన పాఠం లేదు. గ్రీసులోని ఎపిడారస్‌లో వైద్యదేవుడు అస్క్లీపియస్ గుడి ఉండేది. రోగులు అక్కడ నిద్ర చేసేవాళ్లు, కలలో దేవుడొచ్చి నయం చేసేవాడు. ఆ కథలన్నీ రాతిపలకల మీద చెక్కించారు. ఏథెన్స్ నుంచి వచ్చిన ఒంటికంటి ఆడమనిషి ఆంబ్రోసియా గుడిలో తిరుగుతూ, కల కంటేనే కుంటివాళ్లు బాగుపడటమేమిటని ఎగతాళి చేసిందట. దేవుడు కలలోకొచ్చి కన్నిస్తాను గానీ నీ అజ్ఞానానికి గుర్తుగా గుడికి ఒక వెండి పందిని ఇవ్వాలన్నాడట. మన హుండీల్లో వెండి కళ్లు, వెండి పాదాలు చూసినవాళ్లకు ఇది కొత్తగా ఉండదు. అయితే పరిశోధకులు గమనించాల్సింది వేరు. నయం కానివాళ్ల కథలు ఆ పలకల మీద ఉండవు. చెక్కించింది గుడి.

తిరుమల శాసనాలదీ ఇదే తంతు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వంటి పండితుల శ్రమతో వెయ్యికి పైగా శాసనాలను దేవస్థానం 1930ల్లో సంపుటాలుగా అచ్చేసింది. వాటిని పట్టుకుని బర్టన్ స్టెయిన్ అనే అమెరికన్ 1958లో షికాగో యూనివర్సిటీకి తిరుపతి గుడి ఆర్థిక వ్యవహారాల మీద పీహెచ్‌డీ సమర్పించాడు. దాతలు ఇచ్చిన రొక్కంతో గుడి ఊళ్లలో చెరువులు, కాలువలు బాగుచేయించి, పెరిగిన పంటతో నైవేద్యాలు నడిపేవారని, ప్రసాదంలో నాలుగో వంతు దాతకు దక్కేదని ఆ రాళ్లు చెబుతాయి. కాలువలో నీళ్లు పారాయా లేదా, కాలువ కింది రైతు ఏమనుకున్నాడు? రాయి చెప్పదు. మన ముంగిట్లో ఉన్న సంపుటాలతో ఎక్కడో షికాగోలో ఒకాయన పేరు తెచ్చుకున్నాడని కొందరు బాధపడతారు. బాధెందుకు, ఆ సంపుటాలు ఇంకా లైబ్రరీల్లోనే ఉన్నాయి. నీళ్ల ప్రశ్న కూడా అలాగే ఉంది. ఎమరీ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పనిచేసిన జాయిస్ ఫ్లూకిగర్ మన తాతయ్యగుంట గంగమ్మ జాతర మీద ఏళ్ల తరబడి పనిచేసి 2013లో పుస్తకం వేసింది. మగవాళ్లు చీరలు కట్టి మొక్కు తీర్చుకునే జాతర మనకు ఏటా అలవాటైన సందడి. ఆమెకు అది చేతిలో ఉన్న ఆధారం.

గ్రీకు సంగతి చెప్పాను గనక ఒక హెచ్చరిక. గ్రీకు భాష రాకుండా గ్రీకు మతం మీద థీసిస్ అంటే మీ చేతిలో ఉన్నది పౌసానియస్ కాదు, అతని ఇంగ్లిష్ అనువాదం. భాష నేర్చుకోండి, లేకపోతే ఆ మాట మొదటి పేజీలోనే ఒప్పుకోండి. సంస్కృత వ్యాకరణం ఒంటపట్టినవాళ్లకు గ్రీకు విభక్తులు భయపెట్టవు, రెండూ దూరపు చుట్టాలే.

ఆచరణ సంగతులు త్వరగా చెప్పేస్తాను. ప్రతి నెలా ఒక పేజీ తెలుగులో రాయండి, ఈ నెల చేతికి ఏమొచ్చింది, అది ఏం చెప్పలేదు. ఇంగ్లిష్‌లో రాస్తే బోలు వాక్యాలు దాక్కుంటాయి, తెలుగులో అవి ఇట్టే బయటపడతాయి. కట్టమంచి రామలింగారెడ్డి కేంబ్రిడ్జ్‌లో చదివొచ్చాక కూడా అర్థశాస్త్రాన్ని తెలుగులో రాశారు. చిత్తూరు మనిషి చేసిన పనే, మనకు చేతకాదంటే ఎలా? రాసిన పేజీని మీ సబ్జెక్టు కాని మనిషికి చూపించండి. ఫిజిక్స్ అయితే సంస్కృతం స్నేహితుడికి, ఎడ్యుకేషన్ అయితే వెటర్నరీ స్నేహితురాలికి. అర్థం కాని చోట పెన్సిల్‌తో గీత పెట్టమనండి, అభిప్రాయం అడగొద్దు. అభిప్రాయం అడిగితే "బాగుంది" అంటారు.

"ఇంకా ఎన్నేళ్లు?" అనే ప్రశ్నకు సిగ్గుపడకండి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్లు, మామూలుగా గరిష్ఠం ఆరేళ్లు. జేఆర్ఎఫ్ ఉంటే నెలకు 37,000 రూపాయలు వస్తాయి, అది మీ పనికి ఇచ్చే ఫెలోషిప్. ఉత్త చదువు కాదు, పనే అని చెప్పండి. "దీనివల్ల ఏం లాభం?" అని అడిగితే మాత్రం క్యాన్సర్‌కు మందు, దేశానికి కీర్తి అంటూ ఊదరగొట్టకండి. రిషివ్యాలీ కార్డులు కర్ణాటక బళ్లకు చేరతాయని మొదటి కార్డు కత్తిరించిన రోజు ఎవరికి తెలుసు?

ఇంకో పని. పీహెచ్‌డీ వైవాలు బహిరంగంగా జరగాలన్నది నియమం. మిగతా స్కాలర్లు వెళ్లి కూర్చోవచ్చు. నోటీసు బోర్డు చూసి, మీది కాని డిపార్ట్‌మెంట్ వైవాకు వెళ్లండి. వెనక బెంచీలో కూర్చుని, అందరూ అడిగేశాక చెయ్యెత్తి ఒక్కటే అడగండి: "మీ డేటా ఏం చెప్పలేకపోయింది?" ఆ స్కాలర్ తడబడితే మీకొక పాఠం, చక్కగా చెబితే ఇంకా పెద్ద పాఠం. అయిపోయాక టిఫిన్ ఎలాగూ ఉంటుంది. అక్కడ ప్లేటు పట్టుకుని మీ పక్కకు వచ్చినవాళ్లు "మీరేం చేస్తున్నారు?" అని అడుగుతారు. టైటిల్ చెప్పకండి.